ఎఫ్-1 మీద ఉండి అమెరికా కాంగ్రెస్‌లో ఇంటర్న్‌షిప్: ఇరవై దరఖాస్తులకు జవాబు ఎందుకు రాలేదంటే

ప్రశ్న: మాది గుంటూరు. ఒహాయోలో పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ చేస్తున్నాను, మొదటి సంవత్సరం, ఎఫ్-1 స్టూడెంట్ వీసా. వచ్చే వేసవికి వాషింగ్టన్‌లో ఇంటర్న్‌షిప్ చేద్దామని ఇరవై మంది కాంగ్రెస్ సభ్యుల ఆఫీసులకు రెజ్యూమె పంపాను. రెండు చోట్ల నుంచి సారీ అని వచ్చింది. మిగతావాళ్ళు జవాబే ఇవ్వలేదు. సిటిజన్ కాకపోతే అసలు తీసుకోరా? లోపల తెలిసినవాళ్ళు ఉండాలా? నా యాసతో అక్కడ ఫోన్లు ఎత్తగలనా? జీతం లేకుండా మూడు నెలలు చేస్తానంటే నాన్నకి ఏం చెప్పాలి?

జవాబు:

ముందు పొట్టి జవాబులు చెప్పేస్తాను. సిటిజన్ కాకపోయినా తీసుకుంటారు. తెలిసినవాళ్ళు ఉంటే మంచిదే, లేకపోయినా పని జరుగుతుంది. ఫోన్లు ఎత్తగలరు. నాన్నగారికి ఏం చెప్పాలన్నది మాత్రం మీరు ఏ ఆఫీసుకు వెళ్తారన్న దాన్ని బట్టి ఉంటుంది కాబట్టి చివర్లో చెప్తాను.

నేను 2012లో మేరీలాండ్‌లో ఎఫ్-1 మీద చదువుకుంటూ ఒక హౌస్ (కాంగ్రెస్ దిగువ సభ) సభ్యుడి డిస్ట్రిక్ట్ ఆఫీసులో, అంటే నియోజకవర్గం ఆఫీసులో, ఒక సెమిస్టరు ఇంటర్న్‌షిప్ చేశాను. ఆ తర్వాతి వేసవిలో అదే సభ్యుడి వాషింగ్టన్ ఆఫీసులో పది వారాలు చేశాను. ఇప్పుడు ఒక యూనివర్సిటీలో విద్యార్థుల ఇంటర్న్‌షిప్పులు చూసే ఉద్యోగం. మీలాంటివాళ్ళ దరఖాస్తులు బయటికి పోయేముందు నా టేబుల్ మీదికి వస్తాయి. లాయర్ని మాత్రం కాను. వీసా దగ్గర మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు చెప్పిందే ఫైనల్, నేను చెప్పింది కాదు.

డబ్బు సంగతి ముందు తేల్చుకుందాం. మీ ఇరవైలో సగం అక్కడే ఆగిపోయి ఉంటాయని నా అనుమానం. అమెరికా ఖజానా నుంచి జీతం తీసుకోవాలంటే పౌరసత్వ షరతు ఉంది. ఏటా పాసయ్యే బడ్జెట్ చట్టాల్లోనే దాన్ని రాసిపెడతారు. సిటిజన్లు, పౌరసత్వం తీసుకునే ఉద్దేశం ఉన్న గ్రీన్‌కార్డు వాళ్ళు, ఇంకో ఒకటి రెండు వర్గాల వాళ్ళు తప్ప మిగతావాళ్ళకి కాంగ్రెస్ ఆఫీసు జీతం ఇవ్వకూడదు. ఎఫ్-1 ఆ లెక్కలోకి రాదు. నేను చేసిన రోజుల్లో ఇది సమస్యగా కనిపించలేదు, ఎందుకంటే హౌస్‌లో చాలా ఆఫీసులు ఎవరికీ పైసా ఇచ్చేవి కావు. 2018లో కాంగ్రెస్ ఇంటర్న్‌ల జీతాల కోసం విడిగా నిధి పెట్టింది. మొదట హౌస్‌లో ఒక్కో సభ్యుడి ఆఫీసుకు ఏడాదికి 20,000 డాలర్లు ఇచ్చి, తర్వాత పెంచుతూ వచ్చారు. డబ్బున్న ఇంటి పిల్లలే వాషింగ్టన్‌లో ఉచితంగా పనిచేయగలుగుతున్నారన్న విమర్శకి అది సరైన పరిష్కారమే. కానీ సీట్లన్నీ జీతం సీట్లు అవుతున్న కొద్దీ మనలాంటివాళ్ళకి తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. ఈ చిక్కు గురించి యూనివర్సిటీల్లో కూడా చాలామందికి తెలియదు.

అందుకని దరఖాస్తు పంపేముందే ఆ ఆఫీసులో జీతం లేని సీటు, అంటే కాలేజీ క్రెడిట్ కోసం చేసే సీటు ఉందో లేదో కనుక్కోవాలి. సభ్యుడి వెబ్‌సైట్లో ఇంటర్న్‌షిప్ పేజీ చూడండి. అక్కడ తేలకపోతే ఫోన్ చేసి ఇంటర్న్ కోఆర్డినేటర్‌ని అడగండి. "నేను ఎఫ్-1 విద్యార్థిని, నాకు జీతం అక్కర్లేదు, క్రెడిట్ కోసం చేస్తాను, అలాంటివాళ్ళని మీరు తీసుకుంటారా" అని ఒక్క ముక్కలో అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. తీసుకోమంటే ఆ పేరు కొట్టేయండి. ఫారంలో సిటిజనా అన్న గడిని ఖాళీగా వదిలేసి, ఇంటర్వ్యూ అయ్యాక చెప్దాంలే అనుకునేవాళ్ళని ఏటా చూస్తాను. ఆ ఎత్తు పారదు. కాయితాలు అడిగే రోజు ఎలాగూ వస్తుంది, అప్పటికి వాళ్ళకీ చికాకు, మీకూ అవమానం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ ఇరవై ఆఫీసులని ఎలా ఎంచుకున్నారో మీరు రాయలేదు, కానీ ఊహించగలను. టీవీలో తరచూ కనిపించే పేర్లు ఓ పది, ఇండియన్ అమెరికన్ సభ్యులు ఓ ఆరుగురు, విదేశాంగ కమిటీలో ఉన్నవాళ్ళు నలుగురు. నిజమేనా? మొదటిసారి నేనూ పేర్లు చూసే ఎంచుకున్నాను. రో ఖన్నా, రాజా కృష్ణమూర్తి, ప్రమీలా జయపాల్ లాంటివాళ్ళ ఆఫీసులకి దేశం మొత్తం మీద ఉన్న మన పిల్లలంతా రాస్తారు. పేరులో దగ్గరితనం మనకి కనిపిస్తుంది. వాళ్ళ ఆఫీసుకి కనిపించేది అడ్రసు.

మన ఊళ్ళో ఎమ్మెల్యే గారి ఇంటి ముందు పొద్దున ఏడింటికి ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పింఛను ఆగిపోయిన ముసలాయన, సీఎం రిలీఫ్ ఫండ్ కాయితాలతో ఆసుపత్రి నుంచి వచ్చినామె, కొడుకు బదిలీ కోసం వచ్చిన టీచరు, తిరుమల దర్శనానికి సిఫారసు లెటర్ కావాలని నలుగురు. అందరూ ముందు కలిసేది పీఏని. ఆ పీఏ మొదట అడిగేది "ఏ ఊరు మీది?" అని. అమెరికా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు కూడా తొంభై పాళ్ళు ఇదే. సోషల్ సెక్యూరిటీ (పింఛను) చెక్కు ఆగిన పెద్దావిడ, మాజీ సైనికుడి వైద్యం ఫైలు, పాస్‌పోర్టు టైముకి రాని కుటుంబం, ఇమిగ్రేషన్ ఆఫీసులో ఏళ్ళుగా కదలని కేసు. దర్శనం లెటర్ కూడా ఉందండోయ్! వైట్‌హౌస్ చూడాలనుకునేవాళ్ళు తమ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు ద్వారానే అడగాలి. కాంగ్రెస్ కూర్చునే కేపిటల్ భవనం మీద ఎగరేసిన జెండా కావాలన్నా ఆఫీసుకే అర్జీ పెట్టుకోవాలి. అక్కడ ఫోన్ ఎత్తినవాళ్ళు మొదట అడిగేది జిప్ కోడ్, అంటే మన పిన్‌కోడ్ లాంటిది.

హౌస్ సభ్యులు 435 మంది, ఒక్కొక్కరి కింద సగటున ఏడున్నర లక్షల పైచిలుకు జనం. ఇంతమందికి ఆ సభ్యుడు పెట్టుకోగలిగిన పర్మనెంట్ సిబ్బంది 18 మంది, అదీ వాషింగ్టన్, సొంత డిస్ట్రిక్ట్ రెండూ కలిపి. అందుకే ఇంటర్న్‌లు లేకపోతే ఆఫీసు నడవదు. అందుకే మీ రెజ్యూమె చూసేవాళ్ళు ర్యాంకుల కంటే ముందు, మన జనం ఫోన్ చేస్తే ఈ మనిషి ఓపిగ్గా మాట్లాడతాడా, మన ఊళ్ళు తెలుసా అని చూస్తారు. కాలిఫోర్నియా సభ్యుడికి ఒహాయో విద్యార్థి రాసిన లెటర్ అందుకే చదవకుండా పక్కకి పోతుంది. మీ చదువులో లోపం ఏమీ లేదు.

మీరేమో అమెరికాలో నాకు ఊరెక్కడిది అనుకుంటున్నారు. ఉంది. మీరు అద్దె కట్టే గది ఏ డిస్ట్రిక్టులో ఉందో అదే మీ ఊరు. ఓటు లేకపోవచ్చు, కానీ జనాభా లెక్కల్లో మిమ్మల్నీ లెక్కపెడతారు, ఆ లెక్కని బట్టే సీట్లు పంచుతారు. ఒహాయోకి 15 హౌస్ సీట్లు ఉన్నాయి. మీ జిప్ కోడ్ హౌస్ వెబ్‌సైట్లో కొడితే మీ సభ్యుడెవరో వస్తుంది. ఆ ఆఫీసు ఒకటి, రాష్ట్రపు ఇద్దరు సెనేటర్లవి రెండు, పక్క డిస్ట్రిక్టులు మూడు. వెరసి ఆరు దరఖాస్తులు. మీరు పంపిన ఇరవై కంటే ఈ ఆరింటికే ఎక్కువ బలం ఉంటుంది.

పార్టీ గురించి అడగలేదు గానీ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఆ సభ్యుడి ఓట్లన్నీ మీకు నచ్చాలని లేదు. కానీ ఫోన్లో ఎవరైనా ఆయన్ని తిడితే "మీ అభిప్రాయం సార్‌కి చేరవేస్తాను" అని మామూలు గొంతుతో చెప్పగలగాలి. పొగిడినా అదే మాట. అది చేతకాదనిపించే సభ్యుడి దగ్గరికి వెళ్ళకండి. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న దాదాపు ఖాయం. ఇంకోటి, ఆఫీసు వేరు, ఎన్నికల ప్రచారం వేరు. రెండూ కలపకూడదని అక్కడ గట్టి నియమాలున్నాయి. సిటిజన్ గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివాళ్ళు ప్రచారానికి విరాళం ఇవ్వడం చట్టవిరుద్ధం, పది డాలర్లయినా సరే. ఫ్రెండ్‌తో కలిసి ఏదో సభకి టికెట్టు కొనేటప్పుడు అది విరాళం కిందికి వస్తుందేమో చూసుకోండి.

లెటర్ గురించి. నా మొదటి లెటర్ సంగతి చెప్తే నవ్వుతారు. ముప్పై రెండు ఆఫీసులకి ఒకే లెటర్, పేర్లు మారుస్తూ పంపాను. రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఒక ఈశాన్య రాష్ట్రపు సెనేటర్‌కి "మీ మొక్కజొన్న రైతుల పట్ల మీ నిబద్ధత నన్ను కదిలించింది" అని వెళ్ళిపోయింది. ఆ మాట అయోవా సెనేటర్‌కి రాసింది. తప్పు నాదే, ఎవర్ని అని ఏం లాభం. ముప్పై రెండింట్లో ఒక్క జవాబూ రాలేదు.

మీ లెటర్ మీరు జత చేయలేదు కాబట్టి, నా టేబుల్ మీదికి తరచూ వచ్చే మొదటి వాక్యం చెప్తాను: "ప్రపంచంలోనే అతి పెద్ద ప్రజాస్వామ్యం నుంచి వచ్చిన నాకు, అతి పురాతన ప్రజాస్వామ్యాన్ని దగ్గరగా చూడాలని చిన్నప్పటి నుంచి కోరిక." ఇది మన పిల్లలు పదిమందిలో ఏడుగురు రాస్తారు. చదివేవాళ్ళకి ఇందులో పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. దాని బదులు నిరుడు ఒకమ్మాయి రాసిన మొదటి పేరా ఇలా ఉంది. తను ఉండే అపార్ట్‌మెంట్ ముందు నుంచి వెళ్ళే బస్సు రూటుని ఆదివారాలు ఆపేశారు. నర్సింగ్ హోమ్‌లో పనిచేసే పక్కింటావిడ ఆ రోజు నాలుగు మైళ్ళు నడిచి వెళ్తోంది. ఆ బస్సుకి ఫెడరల్ నిధులు ఎంత వస్తాయో తను వెతికింది, సిటీ మీటింగ్‌కి వెళ్ళి రెండు నిమిషాలు మాట్లాడింది. తర్వాతి వాక్యం: "మీ ఆఫీసుకి ఇలాంటి ఫోన్లు వస్తాయని తెలుసు, వాటిని ఎత్తే పని నాకు ఇవ్వండి." ఆ అమ్మాయి కడపలో పెరిగింది. ఆ విషయం మూడో పేరాలో ఒక్క లైనులో వచ్చింది. వారంలో ఇంటర్వ్యూకి పిలిచారు.

లెటర్ ఒక పేజీ, రెజ్యూమె ఒక పేజీ. రెజ్యూమెలో పదో తరగతి మార్కులు, తండ్రి పేరు, ఫొటో ఉండకూడదు. కాల్ సెంటర్లో చేసినా, బాబాయ్ కిరాణా షాపులో కౌంటర్ చూసినా అది తప్పకుండా రాయండి. జనంతో మాట్లాడిన అనుభవం ఇక్కడ గోల్డ్ మెడల్ కంటే ఎక్కువ పలుకుతుంది.

రైటింగ్ శాంపిల్ అడిగితే థీసిస్‌లో ఓ అధ్యాయం కోసి పంపకండి. ఆఫీసులో మీరు రాయబోయేది మెమో. కాంగ్రెస్ వెబ్‌సైట్లో మీ సభ్యుడు ప్రవేశపెట్టిన బిల్లు ఒకటి తీయండి. చిన్నదైతే మేలు. బిల్లు పాఠం మొత్తం చదవండి. ఆ అంశం మీద కాంగ్రెస్ సొంత పరిశోధన విభాగమైన కాంగ్రెషనల్ రీసెర్చ్ సర్వీస్ నివేదిక ఉందేమో చూడండి. 2018 నుంచి ఈ నివేదికలని జనానికి అందుబాటులో పెట్టారు, అంతకుముందు సభ్యులెవరైనా ఇస్తేనో, బయటివాళ్ళు సంపాదించి పెడితేనో తప్ప దొరికేవి కావు. తర్వాత ఒక పేజీలో రాయండి: బిల్లు ఏం చేస్తుంది, ఎవరు కావాలంటున్నారు, ఎవరు వద్దంటున్నారు, మన డిస్ట్రిక్టులో ఎవరికి తగులుతుంది. చివరి ముక్కే ముఖ్యం. మీ అభిప్రాయం అడగలేదు కాబట్టి రాయొద్దు. ఇండియాలో ఉండి ఇదే ప్రాక్టీసు చేయాలనుకునేవాళ్ళు ఢిల్లీలోని పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ వాళ్ళ బిల్లు సారాంశాలు చూడండి. మన పార్లమెంటు బిల్లుల మీద రెండు పేజీల్లో ఎంత శుభ్రంగా రాస్తారో!

ఇక కాయితాలు. ఇది విసుగు పుట్టించే భాగం, కానీ ఇక్కడ తప్పు చేస్తే వీసాకే ఎసరు. జీతం లేదు కదా, సీపీటీ (చదువులో భాగంగా బయట పనిచేయడానికి ఎఫ్-1 వాళ్ళకిచ్చే అనుమతి) ఎందుకు అనుకోవద్దు. జీతం లేని ఇంటర్న్‌షిప్‌కి కూడా సీపీటీ తీసుకోమనే చాలా యూనివర్సిటీలు చెప్తాయి. ఆ పని మీ చదువులో భాగంగా లెక్కకి రావాలి, అందుకే సాధారణంగా ఒక ఇంటర్న్‌షిప్ కోర్సులో నమోదు కావాలి. ఆ క్రెడిట్‌కి ఫీజు కూడా కట్టాల్సి రావచ్చు. ఆ ఖర్చు ఎవరూ ముందు చెప్పరు, మీరే అడగండి. మామూలుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాకే సీపీటీ ఇస్తారు. మీరు ఆగస్టులో చేరి ఉంటే మే నాటికి అది పూర్తవుతుంది. ఆఫర్ లెటర్లో ఆఫీసు పేరు, అడ్రసు, వారానికి గంటలు, మొదలు, ముగింపు తేదీలు ఉండాలి. అది డీఎస్‌ఓకి, అంటే మీ ఇంటర్నేషనల్ ఆఫీసు అధికారికి ఇస్తే కొత్త ఐ-20 (ఎఫ్-1 విద్యార్థి పత్రం) ఇస్తారు, అందులో ఆ తేదీలు ఉంటాయి. ఆ తేదీకి ఒక్క రోజు ముందు కూడా వెళ్ళి కూర్చోకూడదు. "ఊరికే పరిచయానికి రా" అని ఆఫీసువాళ్ళు ప్రేమగా పిలిచినా సరే. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే చదువయ్యాక రావాల్సిన ఓపీటీ అనే పని అనుమతి పోతుంది. ఒక వేసవి చేస్తే ఆ భయం లేదు. యూనివర్సిటీ నుంచి స్టయిపెండ్ లాంటిది వచ్చేలా ఉంటే ఆఫీసుకి ముందే చెప్పండి. కాంగ్రెస్ ఎథిక్స్ నిబంధనల ప్రకారం ఇంటర్న్‌కి బయటి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో వాళ్ళు చూసుకోవాలి.

సాయుధ దళాలు, ఇంటెలిజెన్స్ లాంటి కమిటీల జోలికి వెళ్ళకండి. రహస్య పత్రాలుండే చోట విదేశీ విద్యార్థికి పని ఉండదు. సభ్యుడి సొంత ఆఫీసే మనకి సరైన చోటు.

యాస సంగతి. డిస్ట్రిక్ట్ ఆఫీసులో నా రెండో రోజు. ఫోన్ మోగింది, ఎత్తి ఆఫీసు పేరు చెప్పాను. అవతల పెద్దాయన, గొంతు బొంగురు. సోషల్ సెక్యూరిటీ డబ్బు రెండు నెలలుగా పడలేదట. నేను జిప్ కోడ్ అడిగాను. ఒక్క క్షణం ఆగి, "అమ్మా, నన్ను ఇండియాకి కలిపారా?" అన్నాడు. కాల్ సెంటర్ అనుకున్నాడు. చెవులు వేడెక్కాయి. వెనక సీట్లో కూర్చున్న, జనం కేసులు చూసే కేస్‌వర్కర్ నన్నే చూస్తోంది. ఏం చెప్పాలో తెలియక కిటికీలోంచి బయటికి చూసి, "లేదు సార్, పోస్టాఫీసు పక్క బిల్డింగులోనే ఉన్నాను. మీ వైపు కూడా వాన పడుతోందా?" అన్నాను. ఆయన నవ్వాడు. పొద్దుటి నుంచి కురుస్తోందన్నాడు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మాట్లాడాడు. భార్య పోయిందని, బ్యాంకు ఖాతా ఆమె పేరు మీదే ఉండేదని, అది మూసేశాక డబ్బు ఎటు పోతోందో తెలియట్లేదని. అంతా రాసుకుని, ఆయన సంతకం కోసం ప్రైవసీ ఫారం పోస్టులో పంపాను. ఆ సంతకం లేకుండా ఆయన తరఫున ఏ ప్రభుత్వ శాఖనీ ఆఫీసు వివరాలు అడగలేదు. ఫోన్ పెట్టాక కేస్‌వర్కర్ ఒక్కటే అంది: "నంబరు రెండుసార్లు చదివి వినిపించాలి." యాస గురించి ఏమీ అనలేదు, ఆ నాలుగు నెలల్లోనూ ఎప్పుడూ అనలేదు.

కాబట్టి నెమ్మదిగా మాట్లాడండి, అంకెలు తిరిగి చెప్పండి, అర్థం కాకపోతే మళ్ళీ అడగండి. గొంతు మార్చి అమెరికన్‌లా పలకాలని చూస్తేనే ఇబ్బంది. తెలుగు వచ్చని రెజ్యూమెలో రాయండి. డాలస్ శివార్లలో, న్యూజెర్సీలో, ఉత్తర వర్జీనియాలో, మీ ఒహాయోలో కొలంబస్ చుట్టుపక్కల కూడా మనవాళ్ళు చాలామంది ఉన్నారు. అమ్మానాన్నల పాస్‌పోర్టు పోయిందనో, గ్రీన్‌కార్డు ఫైలు కదలట్లేదనో ఆఫీసుకి వస్తారు. కంగారులో ఇంగ్లీషు తడబడే అత్తయ్య ఒకావిడ ఎదురుగా కూర్చున్నప్పుడు మీ విలువ ఆఫీసుకి తెలుస్తుంది.

వాషింగ్టన్ ఆఫీసులో పని కొంచెం వేరు. ఫోన్లు, ఉత్తరాలు అక్కడా ఉంటాయి. వాటికి తోడు హియరింగ్‌లకి వెళ్ళి నోట్సు రాయడం, డిస్ట్రిక్టు నుంచి వచ్చిన కుటుంబాలకి కేపిటల్ తిప్పి చూపించడం. టూర్ ఇవ్వడానికి ముందు ట్రైనింగ్ ఇస్తారు. మొదటి వారం మీరు తప్పిపోతారు, అందరూ తప్పిపోతారు. ఒక చిట్కా: హౌస్ వాళ్ళవి మూడు పెద్ద భవనాలు. గది నంబరు మూడంకెలైతే క్యానన్, నాలుగంకెలు ఉండి 1తో మొదలైతే లాంగ్‌వర్త్, 2తో మొదలైతే రేబర్న్. ఇది తెలియక నేను మొదటి రోజు ఒక ఫైలు పట్టుకుని భూగర్భ సొరంగాల్లో నలభై నిమిషాలు తిరిగాను. గోడ గడియారాల మీద లైట్లు వెలిగి గంటలు మోగుతుంటే ఫైర్ అలారం అనుకుని భయపడొద్దు, అది సభలో ఓటింగ్ మొదలైందన్న పిలుపు.

ఇప్పుడు నాన్నగారి ప్రశ్న. వేసవిలో వాషింగ్టన్ అంటే పది వారాల అద్దె, తిండి, పైగా ఒహాయోలో గది ఖాళీగా ఉన్నా దాని అద్దె. అక్కడి యూనివర్సిటీలు వేసవిలో హాస్టల్ గదులు ఇంటర్న్‌లకి ఇస్తాయి, బయటి గదుల కంటే నయం, కానీ చవక మాత్రం కాదు. చదువు లోను మీద ఉన్న ఇంట్లో, జీతం లేని పనికి ఇంకొన్ని లక్షలు పంపమంటే ఏ నాన్నయినా ఆలోచిస్తాడు, ఆలోచించాలి కూడా. మీ స్థానంలో నేనైతే మొదట వాషింగ్టన్ అడగను. సెమిస్టర్ నడుస్తుండగా మీ సభ్యుడి డిస్ట్రిక్ట్ ఆఫీసులో వారానికి రెండు రోజులు చేస్తాను. పార్ట్‌టైమ్ సీపీటీ వారానికి 20 గంటల లోపే. ఉన్న గదే, వెళ్ళొచ్చేది సిటీ బస్సులోనే. క్యాంపస్ ఉద్యోగంతో పాటు చేయొచ్చా అన్నది డీఎస్‌ఓని అడిగి తేల్చుకోండి. డిస్ట్రిక్ట్ ఆఫీసులకి దరఖాస్తులు తక్కువ వస్తాయి, అందరి కళ్ళూ ఆ తెల్ల గోపురం మీదే ఉంటాయి కాబట్టి. నాలుగు నెలలు అక్కడ నమ్మకంగా పనిచేస్తే వాషింగ్టన్ ఆఫీసుకి డిస్ట్రిక్ట్ డైరెక్టరే ఫోన్ చేసి చెప్తారు. మీరు అడిగిన "తెలిసినవాళ్ళు" అలాగే తయారవుతారు. నాకూ అలాగే జరిగింది.

ఇంకో దారి రాష్ట్ర శాసనసభలు. వీటిని మనవాళ్ళు పట్టించుకోరు. మేరీలాండ్ శాసనసభ ఏటా జనవరి నుంచి 90 రోజులు కూర్చుంటుంది. టెక్సాస్‌ది బేసి సంవత్సరాల్లో మాత్రమే, 140 రోజులు. సభ్యులకి సిబ్బంది తక్కువ, పని కుప్పలు తెప్పలు, ఇంటర్న్ చేతికి అసలైన పని తొందరగా వస్తుంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యేముందు 8 ఏళ్ళు ఆ రాష్ట్ర శాసనసభలోనే ఉన్నారు. మీ రాష్ట్ర రాజధాని కొలంబస్‌లోనే ఒహాయో శాసనసభ ఉంది, ఒకసారి కనుక్కోండి. జీతం నిబంధనలు ఒక్కో రాష్ట్రానికి ఒక్కోలా ఉంటాయి.

ఇండియాలో ఉండి ఇది చదివే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. టూరిస్టు వీసా మీద వచ్చి ఆఫీసులో చేరదామన్న ఆలోచన వద్దు. అక్కడి నుంచి నేరుగా రావాలంటే జే-1 (ఎక్స్ఛేంజ్) వీసాకి స్పాన్సర్ చేసే సంస్థ కావాలి, ఫీజు గట్టిగానే ఉంటుంది. యూకేలో చదివేవాళ్ళు ఎంపీల ఆఫీసుల ఉద్యోగాలు, ఇంటర్న్‌షిప్పులు పెట్టే డబ్ల్యూ4ఎంపీ సైటు చూడండి. డిగ్రీ స్థాయి కోర్సైతే స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్‌లో వారానికి 20 గంటల పరిమితి, పార్లమెంటు పాసుకి భద్రతా తనిఖీ ఉంటాయి, కాబట్టి టైము పెట్టుకుని అడగండి. జర్మన్ బాగా వచ్చినవాళ్ళకి జర్మనీ పార్లమెంటు బుండెస్టాగ్ వాళ్ళ స్కాలర్‌షిప్ ఉంది, మార్చి నుంచి జూలై దాకా 5 నెలలు, స్టయిపెండ్ ఇచ్చి మరీ సభ్యుల ఆఫీసులో పెడతారు. ఏ దేశాలవాళ్ళు అర్హులో ముందు జాబితా చూసుకోండి. డిగ్రీ అయిపోయి 25 ఏళ్ళు దాటనివాళ్ళకి మన ఢిల్లీలోనే పీఆర్‌ఎస్ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ ఉంది, ఒక ఎంపీ దగ్గర దాదాపు ఏడాది పని. నా దగ్గరికి వచ్చిన దరఖాస్తుల్లో అది చేసినవాళ్ళ మెమోలు చూడగానే తెలిసిపోతాయి.

తేదీల విషయానికొస్తే, వేసవి సీట్లకి చాలా ఆఫీసులు ఫిబ్రవరి, మార్చి కల్లా తలుపులు మూసేస్తాయి. ఫాల్ సెమిస్టర్‌కి జూన్, జూలై. స్ప్రింగ్‌కి అక్టోబరు, నవంబరు. ఆఫీసుని బట్టి అటూ ఇటూ అవుతుంది. పంపిన రెండు వారాలకి ఒకసారి ఫోన్ చేయండి, ఇంకో రెండు వారాలకి ఇంకోసారి. మూడోసారి వద్దు. ఫోన్ ఎత్తేది కూడా ఒక ఇంటర్నే, వాళ్ళ పేరు అడిగి రాసుకోండి, రెండోసారి ఆ పేరుతో పలకరించండి.

బట్టలు అడగలేదు గానీ, ఎంపికయ్యాక అందరూ మెసేజ్ పెట్టి అడిగేది అదే. సభ జరిగే రోజుల్లో సూటు, సెలవుల్లో కొంచెం సడలింపు ఉంటుంది. ఒక్క సూటు చాలు, చొక్కాలు మార్చుకుంటే సరిపోతుంది. బూట్లు మాత్రం నెల ముందే కొని ఇంట్లో వేసుకుని తిరగండి. అక్కడంతా పాలరాతి నేల, టూర్ ఉన్న రోజు గంటల తరబడి దాని మీదే నడుస్తారు. నేను కొత్త బూట్లతో వెళ్ళి మొదటి శుక్రవారం కేపిటల్ సౌత్ మెట్రో మెట్ల మీద కూర్చుని రెండు మడమలకీ బ్యాండ్-ఎయిడ్ వేసుకున్నాను.